ఎత్తలేని చెయ్యి

సిగ్నె సంచి సర్దుకుంటోంది. సర్దడం అని పేరే గానీ, చేతికి దొరికినదాన్ని దొరికినట్టు కుక్కుతోంది. ముందు ఫోను అట్టడుగున పడేసింది, మోగినా వినపడకుండా. దాని మీద రెండు స్వెటర్లు, సరిగ్గా ఆరని మేజోళ్ళు, పళ్ళు తోముకునే బ్రష్షు. చివరికి తండ్రి ఉన్నిటోపీ పెట్టింది. తీసింది. మంచం మీదికి విసిరింది. మళ్ళీ వెళ్ళి తెచ్చుకుంది.

"ఉంచుకుంటావా, వదిలేస్తావా?" అంది గుమ్మంలో నిలబడ్డ ఇంపి రౌతియో.

"ఎందుకు? ఇదీ సాక్ష్యమేనా డిటెక్టివ్ గారూ?"

ఆ 'గారూ'లోని వెటకారాన్ని ఇంపి మింగేసింది. ఆమె జిల్లా షెరీఫ్ దగ్గర డిటెక్టివ్. టపియో హార్బర్ అనే ఈ చేపల రేవులోనే పుట్టింది, ఇక్కడే జుట్టు నెరిసింది. చావు జరిగిన ఇంటి తలుపు తట్టే మనిషిని చూసి ఎవరూ నవ్వుమొహం పెట్టరని ఆమెకి ఎప్పుడో అర్థమైపోయింది.

సిగ్నె తండ్రి ఆర్వో నిస్కల శనివారం రాత్రి పోయాడు. ఇంటి వెనక సౌనాలో, ఆవిరి స్నానానికి ముందు బట్టలు విప్పుకునే చిన్న గదిలో. ఆదివారం పొద్దున బస్సు దిగి, తలుపులన్నీ తట్టి, చివరికి ఆ తలుపు తోసింది సిగ్నే. ఎడమ మోచేతి మడతలో సూది గుచ్చి ఉంది. కుడిచెయ్యి విరిగి, భుజం కింద నుంచి మణికట్టు దాకా గట్టి కట్టులో ఉంది. ఆ సూదిలో ఉన్నది, ఈ ఎండాకాలం జిల్లాలో నలుగురు పడుచుపిల్లల్ని పొట్టన పెట్టుకున్న మత్తుమందే.

రాష్ట్ర పోలీసుల తరఫున వచ్చిన సార్జెంట్ డేల్ కెస్టర్ ఒక్క పూటలో తేల్చేశాడు. ఒకప్పుడు మత్తు మాత్రలకి బానిసైన మనిషి. చెయ్యి విరిగింది. నొప్పి తట్టుకోలేక మళ్ళీ మొదలెట్టాడు, మోతాదు మించింది. ఇవాళ మధ్యాహ్నానికల్లా కేసు మూసేస్తానని పొద్దున్నే ఫోను చేసి మరీ చెప్పాడు.

"ఆయన ఫోనులో ఏమన్నాడో ఇంకోసారి చెప్పు, సిగ్నె."

"ఎన్నిసార్లు చెప్పాలి? శనివారం సాయంత్రం ఆసుపత్రి నుంచి చేశాడు. వల లాగే చక్రంలో పడి మోచెయ్యి నలిగిందన్నాడు. 'కానీ మాత్ర ముట్టుకోలేదమ్మా, డాక్టరమ్మ వేరే ఉపాయం చేసింది, ఒట్టు' అన్నాడు." సిగ్నె సంచి జిప్పు లాగింది. సగంలో ఇరుక్కుంది. "అమ్మని పూడ్చిపెట్టిన రోజు మాత్రలు మింగి పడవలో నిద్రపోయిన మనిషి ఆయన. ఆరేళ్ళు మాట్లాడలేదు నేను. ఆరేళ్ళుగా మానేశానంటే నమ్మాను. నమ్మి టిక్కెట్టు కొన్నాను. ఒట్టేసిన రాత్రే సూది పొడుచుకున్నాడు."

"శనివారం రావలసినదానివి కదా నువ్వు?"

సిగ్నె తల ఎత్తలేదు. "భయమేసింది. ప్రయాణం ఒక రోజు వాయిదా వేశాను."



"ఇంకేదో చెప్పాలన్నాడుట?"

"'నువ్వొచ్చాక ఒక సంగతి చెప్తా, ఫోనులో కాదు' అన్నాడు. ఏమిటో నాకు తెలీదు. రూడీ మావయ్య కూడా రెండుసార్లు అడిగాడు. తెలీదనే చెప్పాను."

రూడీ సాల్మెలా వంటింట్లోనే ఉన్నాడు. ఆర్వోతో పాతికేళ్ళుగా ఒకే పడవలో చేపలు పట్టినవాడు. శనివారం ఆసుపత్రికి తీసుకెళ్ళిందీ, ఇంటికి తెచ్చి దింపిందీ అతనే. భారీ మనిషి, చేతులు మాత్రం చిన్నవి. నిసు అనే తీపి రొట్టె కోసి, కాఫీ పోసి, తన ఇల్లే అన్నట్టు పళ్ళేలు సర్దుతున్నాడు.

"ఇంపీ, కాఫీ తాగు. గాలికి కొయ్యబారిపోయావు."

"వద్దు రూడీ."

"అమ్మాయిని అవతలి ఒడ్డుకి దించుతున్నా. రోడ్డు మంచుతో మూసేశారుగా. పన్నెండింటికి పడవ తీస్తే రెండింటి బస్సు అందుతుంది." గొంతు తగ్గించాడు. "ఇక్కడ ఇంకా ఉంచి ఏడిపించడం ఎందుకు చెప్పు? వాడు నవ్వుతూ సాగనంపాడే నన్ను! ఆ మొహమే కళ్ళల్లో ఉంది."

ఇంపి మళ్ళీ గదిలోకి వెళ్ళింది. "పన్నెండు లోపు వస్తాను. నేను వచ్చిందాకా పడవెక్కకు. మీ నాన్న మాట తప్పాడో లేదో తేల్చి చెప్తాను. అది వినకుండా వెళ్తే బతుకంతా నిన్ను కొరుక్కు తింటుంది."

"తేల్చాల్సింది ఏముంది? సూది నేనే చూశాను." సిగ్నె జిప్పు ఒక్క గుంజు గుంజింది. ఈసారి మూసుకుంది. "ఎవరూ నా కోసం ఆగలేదు. నేనూ ఎవరి కోసం ఆగను. పన్నెండు అంటే పన్నెండే."

*

ఆసుపత్రి అత్యవసర విభాగంలో ఆరు మంచాలు. ఆ పూట ఒక్కదానిలోనే మనిషి ఉన్నాడు, గురక పెడుతున్నాడు. డాక్టర్ రోజ్ బెల్లాంజే గోడకి చేరగిలబడి, నిలబడే సూప్ తాగుతోంది. సన్నటి మనిషి. కళ్ళ కింద నలుపు.

"నేనే చంపానంటున్నారా ఊళ్ళో?" అంది పలకరింపు కూడా లేకుండా.

"కొందరు. మాత్ర ఇచ్చి ఉంటే ఇంత దాకా వచ్చేది కాదంటున్నారు."

"మాత్ర వద్దని కాళ్ళావేళ్ళా పడ్డాడు ఆ మనిషి! ఎముక రెండు చోట్ల విరిగి, చెమట కారిపోతూ, 'డాక్టరమ్మా, నొప్పితో చచ్చినా ఫరవాలేదు గానీ మళ్ళీ ఆ గోతిలోకి తొయ్యకు, మా అమ్మాయి వస్తోంది' అన్నాడు." సూప్ గిన్నె పక్కన పెట్టేసింది. "అందుకే నరానికి మత్తు ఇచ్చాను."

"అర్థమయ్యేటట్టు చెప్పండి."

డాక్టర్ స్కాన్ యంత్రాన్ని చక్రాల మీద లాక్కొచ్చింది. తన మెడ పక్కన, ఎముక పైన ఉన్న గుంటలో దాని కొస ఆనించి తెర చూపించింది. బూడిద రంగు మబ్బులో నల్లటి చుక్కలు ద్రాక్షగుత్తిలా కదిలాయి.

"చేతికి పోయే నరాలన్నీ ఇక్కడ గుత్తిగా ఉంటాయి. తెర మీద చూస్తూ, సూది మొన నరానికి తగలకుండా, దాని చుట్టూ మందు పరుస్తాం. ఒంట్లోకి మత్తు ఎక్కదు. మనిషి పూర్తి తెలివిలో ఉంటాడు. ఆ చెయ్యి ఒక్కటే నిద్రపోతుంది. సాయంత్రం నాలుగున్నరకి ఇచ్చాను. అయిదుకి ఎముక సరిచేసి కట్టు కట్టాను. కిమ్మనలేదు."

"నొప్పి తెలీదు. సరే. చెయ్యి కదులుతుందా?"

డాక్టర్ ఆమె వంక మెచ్చుకోలుగా చూసింది. "అందరూ పొరబడేది అక్కడే. పన్ను డాక్టరు ఇచ్చే సూది లాంటిదే అనుకుంటారు. కాదు. నొప్పితో పాటు కదలికా పోతుంది. వేలు కూడా వంగదు. ఆర్వో తన కుడిచేతిని ఎడమచేత్తో పైకెత్తి వదిలాడు. అది దుంగలా వచ్చి ఆయన ముక్కు మీదే పడింది. 'ఇది ఎవరి చెయ్యి డాక్టరమ్మా, నాకు తగిలించారు?' అని పగలబడి నవ్వాడు. ఆ గదిలో ఆ సాయంత్రం నవ్విన మనిషి ఆయనొక్కడే."

ఇంపి నవ్వలేదు. సూది ఎడమ మోచేతిలో ఉంది. ఎడమ మోచేతిలోకి ఎడమచేత్తో ఎవరూ పొడుచుకోలేరు. కుడిచెయ్యి దుంగ.

"ఆ మొద్దు ఎంతసేపు ఉంటుంది?"

"తెల్లారే దాకా ఉండాలి. మర్నాడు అవతలి ఒడ్డున పెద్దాసుపత్రిలో ఆపరేషన్, దానికి సరిపడా ఇచ్చాను."

"ఉండాలి అంటే కోర్టులో చెల్లదు. తొమ్మిదింటికి పోయాడంటున్నారు. తొమ్మిదింటికి మొద్దుగానే ఉందని ఒట్టేస్తారా?"

"వెయ్యలేను." డాక్టర్ పెదవి కొరుక్కుంది. "కొందరికి ముందే తగ్గుతుంది. నేను ఆ గదిలో లేను కదా."

"మందు ఇస్తున్నంతసేపూ ఏం మాట్లాడాడు?"

"మీకెలా తెలుసు మాట్లాడాడని?"

"ఎన్నడూ నోరు మూసుకోని మనిషి."

"నేనే మాట్లాడిస్తాను. అందరినీ మాట్లాడిస్తాం. ఆ మందు పొరబాటున రక్తంలోకి పోతే గుండె ఆగిపోవచ్చు. దానికి ముందు చెవుల్లో హోరు, నోట్లో ఇనప రుచి, మాట తడబాటు వస్తాయి. అందుకని ఏదో ఒకటి అడుగుతూనే ఉంటాం. 'ఇవాళ ఏం చేపలు పడ్డాయి?' అన్నాను. 'చేపల మాటకేం గానీ, చేపల కింద ఐసులో నేను పెట్టని డబ్బా ఒకటి కనిపించింది. దాన్ని చూస్తూ చక్రంలో చెయ్యి పెట్టాను' అన్నాడు. నేను సూది మొన మీద ధ్యాసలో ఉన్నాను. 'అలాగా' అన్నాను." ఆమె యంత్రం తెర ఆర్పేసింది. "అలాగా అని ఊరుకున్నాను."

ఇంపి వెన్ను నిటారుగా అయింది. "ఇంకెవరు విన్నారు?"

"నర్సు. ఆ స్నేహితుడు, రూడీ. ట్రక్కు ఎక్కడో ఆపి అప్పుడే వచ్చాడు. మంచం చుట్టూ కట్టిన గుడ్డ తెర అవతల నిలబడ్డాడు."

"చెయ్యి కదలదని ఆయనకి చెప్పారా?"

"మా పద్ధతి ప్రకారం తీసుకెళ్ళే మనిషికి తప్పకుండా చెప్పాలి. వేడి వస్తువుల దగ్గరికి పోనివ్వకండి, కాలినా తెలీదు, చెయ్యి మెడకి వేలాడదీసిన జోలె తియ్యకండి అని. మొదట ఆర్వోకి చెప్పినప్పుడు ఈయన ఇంకా రాలేదు. సూది గుచ్చుతుంటే వచ్చాడు, కాసేపటికే వెళ్ళిపోయాడు. పంపించేటప్పుడు నేనే బయటికెళ్ళి ట్రక్కు అద్దం తట్టాను. 'తెలుసు, తెలుసు, చెయ్యి జాగ్రత్త' అని అద్దం ఎక్కించేశాడు."

గడియారం పదిన్నర చూపిస్తోంది. ఇంపి కోటు బొత్తాలు పెట్టుకుంది.

"డిటెక్టివ్ గారూ, నేను ఆపి చెప్పి ఉంటే..."

"చెప్పి ఉంటే ఆ సూది ఎడమచేతికి అందే ఇంకో చోట పొడిచేవాడు ఎవడో. మీరు చెప్పకపోవడమే నాకు మిగిలిన దారి." ఓదార్పు అనుకుని అంది గానీ, అందులో ఓదార్పు లేదని డాక్టర్ మొహం చూశాక తెలిసింది.

*

ఇంటికి దూరంగా, చెట్ల చాటున ఉన్న సౌనా తలుపుకి పోలీసుల పసుపు పట్టీ ఉంది. ఇంపి కింద నుంచి దూరింది.

బట్టల గదిలో బల్ల, రెండు మేకులు, గోడకి ఆనించిన కట్టెలు. ఇక్కడే, ఈ బల్ల మీదే ఆర్వో ఒరిగి ఉన్నాడు, భుజం నుంచి జోలె తీసేసి, చొక్కా లేకుండా. జోలె నాలుగు మడతలు పెట్టి పక్కన ఉంది. ఒక చెయ్యి కట్టులో ఉన్నవాడు అంత చక్కగా మడత పెట్టాడా అని ఆమె మొదటిరోజే అడిగింది. జాగ్రత్త మనిషి అన్నాడు కెస్టర్. నిజానికి ఆర్వో జీవితంలో ఏదీ మడత పెట్టి ఎరగడు.

లోపలి గదిలో పొయ్యి చల్లారి, బూడిద వాసన కొడుతోంది. ఇంపి టార్చి వెలిగించి మోకాళ్ళ మీద కూర్చుంది. రాష్ట్ర పోలీసులు ఇక్కడ వెతకలేదు. శవం బయటి గదిలో ఉంది గనక లోపల పనేముందనుకున్నారు.

మెట్ల బల్లల మీద ముందు గుడ్డలు కనిపించాయి. పై మెట్టు మీద ఒకటి, మడత నలిగి, ఎండి కరకరలాడుతోంది. కింది మెట్టు మూల ఇంకొకటి. ఇంపి రెంటినీ వాసన చూసింది. చెమట. సౌనాలో కూర్చునే ప్రతివాడూ తన కింద తన గుడ్డ పరుచుకుంటాడు. ఒకడి గుడ్డ ఇంకొకడు ముట్టుకోడు. పుట్టినప్పటి నుంచీ వచ్చిన అలవాటు అది. ఒక్కడే స్నానం చేసిన చోట రెండు గుడ్డలు ఉండవు.

"నీతో ఎవరు కూర్చున్నారు ఆర్వో?" అంది పైకే.

తర్వాత పొయ్యి. ఇనప పొయ్యి, నడుము ఎత్తు ఉంది, పైన రాళ్ళు. పొయ్యికి ఆనుకుని కింది మెట్టు. కట్టెలు వెయ్యాలంటే ఆ మెట్టు మీద కూర్చుని ఎడమచేత్తో తలుపు తెరవాలి. అలా కూర్చుంటే కుడిచెయ్యి ఎక్కడ పడుతుంది? ఇంపి కూర్చుంది. తన కుడిచెయ్యి తనది కాదన్నట్టు వదిలేసింది. అది జారి, వేళ్ళు సరిగ్గా పొయ్యి అంచు మీద ఆనాయి.

టార్చి వెలుగులో ఆ అంచు మీద ఏదో అతుక్కుని ఉంది. ఎండిన తోలు ముక్కలాంటిది, గోరంత. దాని పక్కనే నల్లగా మాడిన నాలుగు దారాలు. కట్టు గుడ్డ దారాలు.

శవాన్ని చూసిన వైద్యుడు కుడిచేతి మూడు వేళ్ళకి బొబ్బలున్నాయని అన్నాడు. చేపలవాడి చేతులకి ఏవో ఉంటూనే ఉంటాయి అని కొట్టిపారేశాడు కెస్టర్. చచ్చినవాడికి అలాంటి నీటిబొబ్బలు లేవవు. బతికున్నవాడు వేలు కాలితే వెనక్కి లాక్కుంటాడు. చర్మం ఇనుముకి అంటుకునే దాకా ఊరుకున్నాడంటే...

"నీ గుడ్డ తెచ్చుకున్నావా రౌతియో? స్నానానికేగా వచ్చావు?"

గుమ్మంలో కెస్టర్. పొడుగు, ఇస్త్రీ, మంచు అంటని బూట్లు. ఈ నాలుగు రోజుల్లో అతను ఆమెని ఇంటిపేరుతో తప్ప పిలవలేదు, ఆమె చెప్పింది పూర్తిగా వినలేదు.

"పట్టీ దాటి వచ్చావు. రిపోర్టు చెయ్యమంటావా?"

"చెయ్యి. దానికి ముందు ఇది చూడు."

చూడలేదు. గడియారం చూసుకున్నాడు. "పదకొండున్నర. పన్నెండింటికి సంతకం పెట్టి వెళ్ళిపోతాను. ఈ ఊళ్ళో కాఫీ కూడా కన్నీళ్ళలా ఉంటుంది."

"సూది ఎడమ మోచేతిలో ఉంది డేల్. ఎవరు పొడిచారు?"

"కుడిచేత్తో ఆయనే. కట్టులోంచి వేళ్ళు బయటికే ఉన్నాయిగా."

"ఆ చేతికి నరాల మత్తు ఇచ్చారు. ఒక్క వేలు కదలదు."

"నొప్పికి సూది ఇచ్చారు, విన్నాను. నా పన్ను పీకినప్పుడూ ఇచ్చారు. గంటలో పోయింది."

"డాక్టర్ని అడిగావా?"

"అడగడానికేముంది?"

"నాలుగు రోజులున్నావు. ఆసుపత్రి ఎదురుగా లాడ్జిలో ఉన్నావు. కిటికీలోంచి కేకేసినా సరిపోయేది!" ఇంపి గొంతు చిన్న గదిలో గోడలకి కొట్టుకుంది. "ఇది పన్ను సూది కాదు. రాత్రంతా చెయ్యి చచ్చి పడి ఉంటుంది."

"ఉండకపోతే? కొందరికి తొందరగా తగ్గుతుందని నీ డాక్టరే ఒప్పుకుంటుంది, పందెం."

"అందుకే ఈ పొయ్యి దగ్గరికి రా. వంగు. ఇస్త్రీ నలిగితే నేను చేసిస్తా."

వంగాడు. టార్చి పట్టుకుని ఇంపి చెప్పింది. పక్కింటి లూలి ముసలమ్మ ఈ గొట్టంలో పొగ లేవడం ఎనిమిదింటికి చూసింది. ఇనుము కాలడానికి అరగంట. ఎనిమిదిన్నర తర్వాతే ఆర్వో వేళ్ళు ఇక్కడ కాలాయి, అతనికి తెలియలేదు. తొమ్మిదింటికి చనిపోయాడు. ఆ కాస్త సమయంలో చచ్చిన చేతికి ప్రాణం వచ్చి, సూది పట్టుకుని, నరం వెతుక్కుని పొడిచిందా? రెండు గుడ్డల సంగతీ చెప్పింది.

కెస్టర్ లేచి మోకాలు దులుపుకున్నాడు. మొహంలో వెటకారం కొంచెం పల్చబడింది, పూర్తిగా పోలేదు.

"కథ బాగుంది. ఒక్క చిల్లుంది. చెయ్యి పనిచేస్తున్నట్టు కళ్ళారా చూసిన సాక్షి ఉన్నాడు నా దగ్గర."

"ఎవరు?"

"రూడీ సాల్మెలా. అదే చెప్పాడు నాతో, కన్నీళ్ళు పెట్టుకుని మరీ. ఆరున్నరకి ఇంటి మెట్ల దగ్గర దింపాడట. ఆర్వో ఎడమచేత్తో రొట్టె సంచి పట్టుకుని, కుడిచెయ్యి ఇలా..." కెస్టర్ తన కుడిచెయ్యి భుజం దాకా ఎత్తి వేళ్ళు ఆడించాడు. "ఇలా ఊపి సాగనంపాడట. 'అదే ఆఖరి చూపు సార్, ఆ చెయ్యి ఊపడం మర్చిపోలేను' అన్నాడు."

ఇంపి పొయ్యి వంక, ఆ నాలుగు మాడిన దారాల వంక చూస్తూ ఉండిపోయింది.

"ఏమైంది?" అన్నాడు కెస్టర్.

"ఆరున్నరకి."

"ఆరున్నరకి."

"నాలుగున్నరకి మత్తు ఇచ్చారు. అయిదుకి ఎముకలు లాగి సరిచేస్తే కిమ్మనలేదు. ఆరింటికి వాళ్ళు పంపించేటప్పుడు ఆ చెయ్యి జోలెలో శవం. నర్సు చూసింది, డాక్టర్ చూసింది. ఆరున్నరకి అది లేచి ఊగిందా?" ఆమె గొంతు తగ్గిపోయింది. "వాడికి తెలీదు డేల్. నొప్పికి సూది అనుకున్నాడు, నీలాగే. కట్టులోంచి వేళ్ళు కనిపిస్తున్నాయి, కదులుతాయనుకున్నాడు, నీలాగే. డబ్బా మాట విన్నాడు, అద్దం ఎక్కించుకున్నాడు. ఆర్వో వాడికి చెయ్యి ఊపలేదు. వాడు అసలు వెళ్ళనే లేదు."

ఏ డబ్బా అని కెస్టర్ అడగబోయి ఆగిపోయాడు. మొహం రంగు మారింది. నాలుగు రోజుల్లో మొదటిసారి ఆమె చెప్పింది పూర్తిగా విన్నాడు.

"చేపల కింద వాడు దాచిన మత్తుమందు డబ్బా సంగతి ఆర్వో కూతురికి చెప్పాడేమోనని వాడి భయం," అంది ఇంపి. "రెండుసార్లు అడిగాడు ఆ పిల్లని. తెలీదంటే నమ్మాడో లేదో." అప్పుడు గడియారం చూసింది. "రూడీ ఎక్కడున్నాడు?"

"అమ్మాయితో..." కెస్టర్ జేబులోంచి ఫోను తీశాడు. "గాలి పెరుగుతోంది, ముందే బయల్దేరతానని నాకు ఫోను చేశాడు, ఇందాక. ఇక విచారణ ఏమీ లేదుగా అని అడిగాడు. వెళ్ళమన్నాను."

"ఎప్పుడు?"

"ఇరవై నిమిషాలైంది."

*

ఇంపి ట్రక్కు నడుపుతోంది, కెస్టర్ రేడియోలో కోస్ట్ గార్డుని పిలుస్తున్నాడు. దగ్గరి పడవ రావడానికి గంట పైన పడుతుందంటున్నారు. ఇంపి ఒక చేత్తో సిగ్నెకి ఫోను కొట్టింది. మోగింది. మోగుతూనే ఉంది. రెండు స్వెటర్ల కింద, తడి మేజోళ్ళ కింద, వినపడకూడదనే దాచుకున్న ఫోను.

రేవు చివర రాళ్ళ కట్ట మీదికి ట్రక్కుని ఎంత దూరం పోతే అంత దూరం పోనిచ్చి, దిగి పరిగెత్తింది. యాభై ఎనిమిదేళ్ళ మోకాళ్ళు రాళ్ళ మీద తడబడ్డాయి.

పడవ కట్ట దాటేసింది. ఎంతో దూరం పోలేదు. మనిషి మొహం పోల్చుకోగలిగేంత దగ్గరలోనే ఉంది. రూడీ వీపు చుక్కాని గదిలో కనిపిస్తోంది, వెనక్కి తిరగడం లేదు. సిగ్నె పడవ వెనక భాగంలో కూర్చుని ఉంది, సంచి కాళ్ళ మధ్య పెట్టుకుని. తలకి తండ్రి టోపీ పెట్టుకుంది.

"సిగ్నె!"

గాలి ఆ కేకని ఆమె నోట్లోకే తిరిగి కొట్టింది.

"సిగ్నె! మీ నాన్న మాట తప్పలేదు! ఆయన కాదు! దూకు! దూకేయ్ అమ్మా!"

వెనక కెస్టర్ ట్రక్కు హారను నొక్కి పట్టాడు. ఇంజను హోరులో అది ఎంత వినపడిందో తెలియదు. ఇంపి రెండు చేతులూ పైకెత్తి ఊపింది. ఆమె తమ్ముడు ఒన్ని, ఇనుము మోసే ఓడ ఎక్కి ఈ కట్ట మీద నుంచే వెళ్ళిపోయిన రోజు తర్వాత, ఎవరికీ ఆమె చెయ్యి ఊపలేదు. చెయ్యి ఊపితే మనిషిని పోనిచ్చినట్టు అనిపించేది. ఇప్పుడు ఒళ్ళంతా విరుచుకుపడేటట్టు ఊపింది, వెనక్కి రా, వెనక్కి రా అని.

సిగ్నె ఆమెని చూసింది.

పొద్దున కసిరినందుకు నొచ్చుకుందో, ఈ ముసలి డిటెక్టివ్ అంత దూరం పరిగెత్తుకొచ్చి సాగనంపుతోందని మనసు కరిగిందో, కూర్చున్న చోటే కాస్త లేచి నిలబడింది. కుడిచెయ్యి పైకెత్తి, నిదానంగా, చాలాసేపు ఊపింది.

పడవ మర్నాడు పొద్దున అవతలి ఒడ్డు రాళ్ళ మధ్య దొరికింది, ఇంజను ఆగిపోయి, లోపల ఎవరూ లేకుండా. ఐసు గదిలో చేపలు లేవు, డబ్బా లేదు. ఒడ్డు మీద మంచులో ఒక్క మనిషి అడుగులు అడవిలోకి వెళ్ళాయి. పెద్ద బూట్ల అడుగులు.

సిగ్నె నిస్కల తిరిగి రాలేదు. ఆమె వెళ్ళింది నవంబరు పన్నెండు, బుధవారం, మధ్యాహ్నం పన్నెండు కాకముందు.